గేటు లోపల ఎవరు, వాగు ఒడ్డున ఎవరు?

కోదాడ దాటి గరికపాడు వద్ద ఆంధ్రప్రదేశ్‌లో అడుగుపెట్టినది మొదలు కంచికచర్ల దాకా 65వ నంబరు జాతీయ రహదారి వెంట నేడు అన్నిటికంటే వేగంగా పెరుగుతున్న పంట ప్లాట్లు. నిన్నటి వరకు పత్తి, మిరప పండిన చేలల్లో సరిహద్దు రాళ్లు నాటారు. గ్రావెల్ రోడ్లు పోసి, ముఖద్వారానికి ఆర్చీ కట్టి, రంగు జెండాలు ఎగరవేశారు. 2022 ఏప్రిల్ 4న ఎన్టీఆర్ జిల్లా, దానితో పాటు నందిగామ రెవెన్యూ డివిజన్ ఏర్పడ్డాయి. 2025 మే 2న అమరావతి పనులు ప్రధానమంత్రి చేతుల మీదుగా పునఃప్రారంభమయ్యాయి. సుమారు 190 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి ప్రతిపాదన కంచికచర్ల వైపు ఆశలు రేపింది. కోస్తాలో మచిలీపట్నం ఓడరేవు పేరు చెప్పి మంగినపూడి ఇసుక నేలకు గిరాకీ పెంచినట్లే, సముద్రం లేని మన మెట్ట ప్రాంతంలో ముక్త్యాల, వేదాద్రి వైపు కృష్ణ ఒడ్డును చూపి గజాల లెక్కన కలలు అమ్ముతున్నారు.

ఊరు పెరగటాన్ని మేము ఆక్షేపించటం లేదు. పెరిగే ఊరిలో పని దొరుకుతుంది. ఆ పనిలో మనవారి చెమట ఎంత ఉందో ఎవరూ చెప్పనక్కరలేదు. తాపీ పనిలో, సెంట్రింగులో, వెల్డింగులో, ఎలక్ట్రికల్, ప్లంబింగు పనుల్లో, లారీ మీద, మెకానిక్ షెడ్డులో ముస్లిం యువకులు లేని ఊరు ఈ ప్రాంతంలో లేదు. కొత్త ఇళ్లు కట్టేవారిలో మనం ఉన్నాం. ఆ ఇళ్లలో నివసించేవారిలో మనం ఉన్నామా? ఆ కాలనీల పటాలు గీసినప్పుడు మన బ్రతుకు, మన చావు ఎవరికైనా గుర్తుకు వచ్చాయా? మా ప్రశ్న ఇదే. దీనికి జవాబు ఇప్పుడే రాబట్టాలి. రోడ్డు పడి, గోడ లేచి, రిజిస్ట్రేషన్లు ముగిసిన తరువాత పటాన్ని మార్చటం ఎవరి తరమూ కాదు.

పేట అనే మాటకు అర్థం

జగ్గయ్యపేట తనంతట తాను మొలిచిన ఊరు కాదు. బేతవోలు పక్కన వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి పేర పనిగట్టుకొని కట్టించిన పట్టణం. ఆ కాలపు లెక్కలో అది కూడా ఒక 'కొత్త లేఅవుటే'. అయితే దానికి పేట అని పేరు పెట్టారు. పేట అంటే అంగడి. సరుకు తెచ్చినవాడి కులమేమిటి, మతమేమిటి అని అంగడి అడగదు. తూకం సరిగా ఉందా అని మాత్రమే అడుగుతుంది.

ఈ నేల అంతకు ముందు కూడా దారిన పోయేవారికి తలుపులు మూసినది కాదు. 1882లో బర్జెస్ పరిశోధించిన జగ్గయ్యపేట స్తూపం ఇక్కడి బౌద్ధుల చిరునామా. గోలకొండ నుంచి మచిలీపట్నం రేవుకు పోయే పాత బాట పెనుగంచిప్రోలు మీదుగా, కొండపల్లి మీదుగా సాగింది. 17వ శతాబ్దంలో ఫ్రెంచి యాత్రికులు నడిచిన దారి అది. ఆ బాట వెంట వర్తకులు వచ్చారు, సిపాయిలు వచ్చారు, ఫకీర్లు వచ్చారు, నేత వచ్చింది, అత్తరు వచ్చింది. తరతరాలుగా ఇక్కడే పుట్టి, తెలుగులోనే లెక్కలు వేసుకొని, ఇక్కడి మట్టిలోనే కలిసిన కుటుంబాలు మనవి. మనం ఈ ప్రాంతానికి అతిథులం కాదు. కనుక కొత్త కాలనీలో చోటు అడగటం బిచ్చం అడగటం కాదు.

అమ్మమని ఎవరూ చెప్పరు

ముస్లింలకు ప్లాటు అమ్మమని ఏ కరపత్రంలోనూ అచ్చు వేయరు. అచ్చు వేస్తే పోరాడటం సులువు. పేరు విన్న తరువాత ఏజెంటు గొంతు మారుతుంది. "ఆ ప్లాటు బుక్ అయిపోయిందండీ" అంటాడు. "అక్కడ అందరూ ఒక రకం వాళ్లే ఉన్నారు, మీకు ఇబ్బంది" అంటాడు. మన ఇబ్బంది మీద ఆయనకు అంత శ్రద్ధ! అద్దె ఇంటికి పోతే వంటింటి ప్రస్తావన వస్తుంది. మాంసం తినే పొరుగువారు ఆ వీధిలో ఇప్పటికే పదిమంది ఉన్నా, ఆ ప్రశ్న మాత్రం మన కోసమే దాచి ఉంచుతారు. వెంచరు ముఖద్వారంలోనే గుడి కట్టి, దానినే ప్రకటనలో ఆకర్షణగా చూపితే, ఎవరిని పిలుస్తున్నారో, ఎవరిని వద్దంటున్నారో వేరే చెప్పాలా?

ఇది మన అనుమానం మాత్రమే కాదు. జస్టిస్ రాజేందర్ సచార్ కమిటీ 2006 నవంబరులో ఇచ్చిన నివేదిక, ముస్లింలకు ఇళ్లు అద్దెకు ఇవ్వటానికి, అమ్మటానికి నిరాకరిస్తున్న స్థితిని, భద్రత కోసం వారు ఒకే చోట ముడుచుకుపోతున్న తీరును నమోదు చేసింది. ఇటువంటి వివక్షపై ఫిర్యాదులు వినటానికి సమాన అవకాశాల కమిషన్ కావాలని సిఫారసు చేసింది. ఆ కమిషన్ నేటికీ రాలేదు.

చట్టం సంగతి చూద్దాం. రాజ్యాంగం 15వ అధికరణం మతం, కులం పేరిట రాజ్యం వివక్ష చూపరాదని శాసించింది. అదే అధికరణంలోని రెండవ ఖండం దుకాణాలు, హోటళ్లు, బావులు, రోడ్ల విషయంలో వ్యక్తులను కూడా కట్టడి చేసింది. అక్కడి 'దుకాణం' అనే మాటకు విస్తృతమైన అర్థం చెప్పాలని సుప్రీంకోర్టు 2011లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కేసులో పేర్కొన్నది. వందల ప్లాట్లను బహిరంగంగా విక్రయించే సంస్థ దుకాణం కాక మరేమిటి? కాని ఇదే సుప్రీంకోర్టు 2005లో జొరాస్ట్రియన్ సహకార గృహ సంఘం కేసులో, సభ్యత్వాన్ని ఒక మతస్థులకే పరిమితం చేసే నిబంధనను సమర్థించింది. ఆ తీర్పు ఒక చిన్న సముదాయాన్ని కాపాడటానికి ఇచ్చిందే కావచ్చు. కాని అటువంటి వెసులుబాటు బలవంతుల చేతికి అందితే గోడగా మారుతుంది.

అమెరికాలో నల్లవారికి ఇల్లు అమ్మరాదని దస్తావేజుల్లోనే రాసుకున్న రోజులున్నాయి. అటువంటి షరతులను న్యాయస్థానాలు అమలు చేయరాదని అక్కడి సుప్రీంకోర్టు 1948లో తేల్చింది. ఇరవై ఏళ్లకు, 1968లో, జాతి, రంగు, మతం, పుట్టిన దేశం పేరిట ఇల్లు నిరాకరించటాన్ని నేరుగా నిషేధించే చట్టం వచ్చింది. ప్రైవేటు ఆస్తి కదా, యజమాని ఇష్టం కదా అనే వాదన అక్కడ కూడా వినిపించింది. ఆ వాదనను ఆ దేశం తిరస్కరించింది. మన దేశంలో గృహ వివక్షను సూటిగా నిషేధించే సమగ్రమైన చట్టం నేటికీ లేదు. లేని చట్టాన్ని అడగటం మన హక్కు.

మన కాలనీ మనకు చాలా?

ఈ అవమానానికి మనవారిలో కొందరు ఒక సమాధానం కనిపెట్టారు. వారు గేటు వేస్తే మనమూ ఒక వెంచరు వేసుకుందాం, మస్జిద్ కట్టుకుందాం, అంతా మనవారే ఉంటారు అని. ఆ కోరిక వెనుక ఉన్న గాయం మాకు తెలుసు. రాత్రి నిద్ర నిశ్చింతగా పట్టాలని కోరుకోవటం తప్పు కాదు. అయినా ఈ దారి మంచిది కాదని మేము స్పష్టంగా చెప్పదలచాం.

వేరుగా ఉన్న పేటకు నీళ్ల కుళాయి ఆఖరున వస్తుంది. మురుగు కాలువ మంజూరు కాదు. వీధి దీపం కాలిపోతే మార్చేవాడు రాడు. ఒకే చోట ఉన్న ఓట్లను ఎన్నికల రోజున గుర్తుంచుకొని మరునాడు మరచిపోవటం పార్టీలకు సులువు. బ్యాంకువారికి, వ్యాపారికి, పోలీసుకు ఆ పేట ఒక ముద్ర అయిపోతుంది. అక్కడ పెరిగిన పిల్లవాడికి పక్కింటి పండుగ తెలియదు. పక్కింటి పిల్లవాడికి మన ఈద్ సేమ్యా రుచి తెలియదు. తెలియనివాడి మీద ఏ అబద్ధం చెప్పినా నమ్ముతారు. పొరుగువాని హక్కును ఇంతగా నొక్కి చెప్పిన ధర్మాన్ని నమ్మేవారం, పొరుగే లేని ఊరు కట్టుకోవటమేమిటి?

మరొక మాట. మన పేరు చెప్పి వెంచరు వేసేవారందరూ సముదాయ సేవకులు కారు. మస్జిద్‌కు స్థలం విడిచామని ప్రకటించి, అనుమతి లేని భూమిని, దారి లేని భూమిని, కొన్ని చోట్ల వివాదంలో ఉన్న భూమిని అంటగట్టేవారు ఉన్నారు. సలాం చెప్పి అమ్మినంత మాత్రాన దస్తావేజు శుద్ధి కాదు.

చవక స్థలం వెనుక నీటి దారి

గేటు లోపల చోటు దొరకనివాడు ఎక్కడ కొంటాడు? చవకగా దొరికిన చోట కొంటాడు. చవకగా దొరికేది ఏది? వాగు పక్కది, చెరువు కిందిది, కట్ట దిగువది. ఇక్కడే ఈ వివక్ష ప్రాణాపాయంగా మారుతుంది.

2023 జులై చివరలో మున్నేరు పొంగి నందిగామ మండలం ఐతవరం వద్ద జాతీయ రహదారిని ముంచింది. హైదరాబాద్, విజయవాడల మధ్య రాకపోకలు నిలిచిపోయాయి. 2024 సెప్టెంబరు ఆరంభంలో అదే చోట మళ్లీ నీరు నిలిచింది. గరికపాడు వద్ద పాలేరు ఉధృతికి రహదారి దెబ్బతిన్నది. అదే వానకు విజయవాడలో బుడమేరు తన పాత దారిని వెతుక్కుంటూ సింగ్ నగర్ ఇళ్లలోకి వచ్చింది. అక్కడ పీకల్లోతు నీటిలో రోజుల తరబడి నిలిచినవారు ఎవరు? కూలీలు, ఆటో కార్మికులు, చిరువ్యాపారులు. వారిలో అన్ని మతాల పేదలూ ఉన్నారు. వాగు మతం చూడదు. కాని వాగు ఒడ్డుకు ఎవరు నెట్టబడ్డారో అడిగితే ఆ జవాబులో మతం ఉంటుంది, కులం ఉంటుంది, పేదరికం ఉంటుంది.

నిబంధనలు లేక కాదు. భవన నిర్మాణ నియమాలు నదికి పురపాలక పరిధిలో 50 మీటర్లు, వెలుపల 100 మీటర్లు వదలాలని చెప్పాయి. పది హెక్టార్లకు మించిన చెరువుకు 30 మీటర్లు, చిన్న చెరువుకు, వాగుకు 9 మీటర్లు వదలాలి. లేఅవుటులో 10 శాతం స్థలాన్ని ఖాళీగా విడిచి, రోడ్లతో పాటు దానిని దాన దస్తావేజు ద్వారా స్థానిక సంస్థకు అప్పగించాలి. రోడ్లు, కాలువలు, దీపాలు పూర్తయ్యే దాకా 15 శాతం ప్లాట్లు తనఖాలో ఉండాలి. 500 చదరపు మీటర్లు దాటిన వెంచరు రెరాలో నమోదు కాకుండా ప్రకటన కూడా వేయరాదు. ఇన్ని కట్టుబాట్లు ఉండగా అనుమతి లేని ప్లాట్లు ఎలా అమ్ముడవుతున్నాయి? అమ్మేవాడికి భయం లేదు. కొనేవాడికి తెలియదు. చూడవలసినవాడు చూడడు. తరువాత ప్రభుత్వం క్రమబద్ధీకరణ పథకం ప్రకటిస్తుంది. రుసుము కట్టేది ఎవరు? మోసపోయి కొన్నవాడు.

పేదల ఇళ్ల స్థలాల పథకాలదీ ఇదే తీరు. 2020 డిసెంబరు 25న మొదలైన పంపిణీలో పట్టణాల్లో ఒక సెంటు, గ్రామాల్లో సెంటున్నర ఇచ్చారు. ఒక సెంటు అంటే 48 గజాలకు కాస్త ఎక్కువ. 2024లో వచ్చిన ప్రభుత్వం పట్టణాల్లో రెండు, గ్రామాల్లో మూడు సెంట్లు అన్నది. విస్తీర్ణం పెరిగితే సంతోషమే. కాని తోపుడు బండి మీద పండ్లు అమ్మే మనిషికి ఊరికి నాలుగు మైళ్ల దూరాన పల్లంలో మూడు సెంట్లు ఇస్తే, బండి ఎక్కడ నిలుపుతాడు? ఇంట్లో మిషను మీద బట్టలు కుట్టి బ్రతికే అక్కకు గిరాకీ ఎవరు తెస్తారు? ఇంటి స్థలం ఇవ్వటం వేరు, బ్రతికే స్థలం ఇవ్వటం వేరు.

ఖబరస్తాన్ లేని పటం

కొత్త లేఅవుటు పటాలను పరిశీలించండి. పార్కు ఉంటుంది. క్లబ్ హౌసు ఉంటుంది. నడక దారి, పిల్లల ఊయల, కొన్నిటిలో ఈతకొలను కూడా ఉంటాయి. మనుషులు చనిపోతారన్న సంగతి మాత్రం ఏ పటంలోనూ ఉండదు. హిందువుల శ్మశానానికి, క్రైస్తవుల సమాధుల తోటకు, మన ఖబరస్తాన్‌కు కొత్త నేల చేరక, పాతవే నిండిపోతున్నాయి. ఖననానికి, దహనానికి చోటు చూపించటం స్థానిక సంస్థల విధుల్లో ఒకటి. జగ్గయ్యపేట పట్టణ జనాభా 2011 లెక్కలకే 50 వేలు దాటింది, నందిగామది 40 వేలు దాటింది. ఇళ్లకు స్థలం పెంచి, ఖననానికి స్థలం పెంచకపోతే ఆ లెక్క ఎక్కడ తేలుతుంది?

ఉన్న ఖబరస్తాన్ల సంగతి మరింత ఆందోళనకరం. ఊరి చివర ఉన్నంత కాలం ఆ నేల ఎవరికీ కనిపించలేదు. రహదారి పక్కన గజం ధర పెరిగేసరికి అందరి కళ్లూ దాని మీదనే. మొదట పక్క వెంచరుకు దారి కావాలంటారు. తరువాత కంచె రెండు అడుగులు జరుగుతుంది. ఆ పైన ఇది వక్ఫ్ అని ఆధారమేమిటని ప్రశ్న వస్తుంది. 2025 ఏప్రిల్ 8న అమలులోకి వచ్చిన వక్ఫ్ సవరణ చట్టం, వాడుక వలన ఏర్పడే వక్ఫ్ అనే భావనను ఇక ముందు చెల్లకుండా చేసింది. అంతకు ముందే నమోదైనవి మాత్రం నిలుస్తాయి. అవి కూడా వివాదం లేనివి, ప్రభుత్వ భూమి కానివి అయితేనే. జూన్ 6న ఉమీద్ పోర్టల్ తెరచి, ఆస్తుల వివరాలు ఎక్కించటానికి ఆరు నెలల గడువు పెట్టారు. సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వులో కొన్ని నిబంధనలను నిలిపింది గాని, నమోదు బాధ్యతను నిలపలేదు.

దీని అర్థం మన ముతవల్లీలకు, కమిటీలకు సూటిగా తెలియాలి. తాతల నాటి నుంచి ఇక్కడే పూడ్చుతున్నామన్న మాట ఒక్కటే ఇకపై రక్ష కాదు. సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు, గెజిట్ ప్రకటన, రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ నిషేధిత జాబితాలో ఆ నంబరు ఉన్నదీ లేనిదీ కాగితం మీద ఉండాలి. కమిటీ పదవి కోసం కోర్టుకు ఎక్కే ఉత్సాహంలో పదో వంతు ఈ కాగితాల మీద చూపితే ఎన్ని ఎకరాలు నిలిచేవో!

ఆక్షేపణలకు మా జవాబు

అన్నిటికీ మతాన్ని ముడిపెడతారేమని కొందరు అంటారు. పటంలో మతాన్ని ముందుగా ముడిపెట్టింది మేము కాదు. ముఖద్వారంలో తమ చిహ్నాలు నిలిపినవారు, పేరు విని ప్లాటు దాచినవారు ముడిపెట్టారు. మేము ఆ ముడి విప్పమంటున్నాం.

అయితే పార్కులో మస్జిద్ కడతారా అని అడుగుతారు. కట్టం. ఖాళీ స్థలం అందరిదీ. ఉద్యానవనానికి విడిచిన నేలను వేరే అవసరానికి మళ్లించరాదని సుప్రీంకోర్టు 1991లో బెంగళూరు కేసులో తీర్పు చెప్పింది. రోడ్లు, పార్కులు, బహిరంగ స్థలాల్లో అనుమతి లేని ప్రార్థనా స్థలాలు కట్టరాదని 2009 సెప్టెంబరు 29న ఆదేశించింది. ఆ ఆదేశం మస్జిద్‌కూ, గుడికీ, చర్చికీ ఒక్కటే. మేము దానిని శిరసావహిస్తాం. ఇతరులూ శిరసావహించాలని కోరుతాం. మా డబ్బుతో, మా పేర కొన్న స్థలంలో చట్ట ప్రకారం మస్జిద్‌కు అనుమతి అడిగినప్పుడు మాత్రం ఫైలును అటకెక్కించరాదు.

ప్రణాళికలో ఒక సముదాయం అవసరాలను ప్రత్యేకంగా చూడటం కుదరదని అధికారులు అంటారు. కుదురుతుంది. సముద్రతీరంలో నిర్మాణాలను నియంత్రించిన 2011 నాటి తీర మండల ప్రకటన, గ్రామీణ తీరంలో ఇతరులకు ఇళ్లు కట్టరాదన్న పట్టీలో కూడా మత్స్యకారుల వంటి సంప్రదాయ తీరవాసుల నివాసాలకు 100 మీటర్లకు, 200 మీటర్లకు మధ్య వీలు కల్పించింది. రిసార్టులు వచ్చి గంగపుత్రులను గెంటివేయకుండా చట్టంలో ఒక వాక్యం చేర్చగలిగినప్పుడు, పాలేరు, మున్నేరు ఒడ్డు ఊళ్లలో తరతరాల నివాసుల కోసం మరొక వాక్యం చేర్చటానికి అడ్డేమిటి? సింగపూరు 1989 నుంచి ప్రభుత్వ గృహ సముదాయాల్లో జాతుల వారీగా పరిమితులు పెట్టి, ఏ భవనమూ ఒక్క జాతి వాడగా మారకుండా చూస్తున్నది. ఆ పద్ధతిని యథాతథంగా తెచ్చుకోమని మేము అనటం లేదు. కలిసి ఉండటం కూడా ప్రణాళికతో సాధించవలసిన పని అని మాత్రమే గుర్తు చేస్తున్నాం.

అడగవలసినవి, చేయవలసినవి

ప్రభుత్వాన్ని, పట్టణాభివృద్ధి సంస్థను, పురపాలక సంఘాలను మేము అడుగుతున్నవి ఇవి. లేఅవుటుకు అనుమతి ఇచ్చే ఉత్తర్వులోనే, మతం, కులం పేరిట అమ్మకం నిరాకరించరాదన్న షరతు చేర్చాలి. షరతు మీరితే తనఖా ప్లాట్లు విడుదల చేయరాదు. పట్టణ బృహత్ ప్రణాళికలో రాబోయే ఇరవై ఏళ్ల జనాభాకు సరిపడేటట్లు అన్ని మతాల వారికీ ఖనన, దహన స్థలాలు గుర్తించాలి. వాగుల హద్దులు కొలిచి రాళ్లు పాతి, ఆ పటాన్ని వార్డు సచివాలయంలో తెలుగులో, ఉర్దూలో అతికించాలి. కేంద్రం 2006లో ప్రకటించిన 15 సూత్రాల కార్యక్రమం గ్రామీణ గృహ పథకంలో 15 శాతాన్ని పేద మైనారిటీలకు కేటాయించమన్నది. మన మండలాల్లో ఎన్ని ఇళ్లు ఎవరికి ఇచ్చారో ఆ లెక్కను బహిరంగపరచాలి.

ఇక మన వంతు. ప్లాటు కొనే ముందు ధర అడిగే నోటితోనే లేఅవుటు అనుమతి నంబరు, రెరా నంబరు అడగండి. ఈసీ తీయించండి. 22-ఏ జాబితా చూడండి. వానాకాలంలో ఒకసారి వెళ్లి నీరు ఎటు పారుతున్నదో స్వయంగా చూడండి. ప్రతి మస్జిద్ కమిటీలో ఇద్దరు చదువుకున్న యువకులు, ఒక్క చదువుకున్న సోదరి అయినా ఈ కాగితాల బాధ్యత తీసుకోవాలి. బృహత్ ప్రణాళిక ముసాయిదా మీద అభ్యంతరాలు పిలిచినప్పుడు మన ఊరి నుంచి ఒక్క అర్జీ అయినా వెళ్లాలి. అద్దెకు ఇల్లు నిరాకరించినా, ప్లాటు దాచినా తేదీ, చోటు, మాట రాసి పెట్టుకోండి. మైనారిటీ కమిషన్‌కు రాత మూలకంగా ఫిర్యాదు ఇవ్వండి. నోటి మాటగా మిగిలిన అవమానం ఏ కార్యాలయంలోనూ నమోదు కాదు.

ఇది మనం ఒంటరిగా గెలిచే పోరాటం కాదు. అదే ఏజెంటు దళిత ఉపాధ్యాయునికి కూడా గొంతు మార్చే మాట్లాడుతాడు. అదే వాగు బీసీ కూలీ ఇంటిని కూడా ముంచుతుంది. పాతకాలపు అగ్రహారానికి కంప మాత్రమే ఉండేది. నేటి వెంచరుకు కెమెరా ఉన్నది, కాపలాదారు ఉన్నాడు. ఆ గేటు ముందు నిలిచినవారందరూ ఒకరినొకరు గుర్తుపట్టాలి. వారితో కలిసి మున్సిపల్ కార్యాలయానికి వెళ్లినప్పుడే మన అర్జీకి బరువు వస్తుంది.

జగ్గయ్యపేటను పేటగానే ఉండనివ్వండి. నందిగామలో, కంచికచర్లలో రేపు లేవబోయే ప్రతి ఇంటి గోడలో మనవాడు పేర్చిన ఇటుక ఉంటుంది. ఆ వీధిలో అతని పిల్లలకు ఒక ఇల్లు, ఆ ఊరిలో అతని తల్లిదండ్రులకు ఆరడుగుల నేల ఉండాలని అడుగుతున్నాం. పటం ఇంకా గీస్తూనే ఉన్నారు. ఆరిపోని ఆ సిరా మీదనే మన అభ్యంతరం నమోదు కావాలి.